మళ్ళీ పడిన పందెం

బసీలియా నాలుగు పాచికలను తోలుగిన్నెలో వేసి, అరచేత్తో మూసి, గలగలా ఆడించి బల్లమీద బోర్లించింది. గిన్నె ఎత్తి చూసింది. నలుపు బేసి, తెలుపు సరి, ఎరుపు సరి, పచ్చ బేసి. గోడమీది పట్టిక ప్రకారం అది తొమ్మిది. కాగితంలో రాసుకుంది. ఇంకా ఇరవై ఏడు గళ్ళు మిగిలాయి.

లా పాజ్ నగరంలోని ఆ బ్యాంకులో ఆమె ఫైళ్ళు సర్దే గుమాస్తా. మూడు నెలలకోసారి మాత్రం ఈ కిటికీలేని గదిలో కూర్చుంటుంది. కార్డుల రహస్యాలను సమానమైన ముక్కలుగా కోసి, ఒక్కో ముక్కనూ కలగాపులగం చేసి దాచే యంత్రానికి అంకెల తాళంచెవి కావాలి. ముగ్గురు ఉద్యోగులు మూడు గదుల్లో ముప్పై రెండేసి గళ్ళు పాచికలతో నింపి ఇస్తే, మూడూ కలిసి ఆ చెవి అవుతుంది. ఇరవై రెండేళ్ళలో ఆమె గర్వపడిన పని ఇదొక్కటే. ఈ రోజుతో ఉద్యోగం సరి. రేపటినుంచి పాచికల పనీ యంత్రమే చూసుకుంటుంది.

మళ్ళీ వేసింది. మళ్ళీ తొమ్మిదే. రాయకుండా పాచికలు గిన్నెలోకి తోసింది.

తలుపు దగ్గర సాక్షిగా కూర్చున్న ఇంజనీరు గ్రోవెర్‌కు అంకెలు కనబడవు, చేతులు కనబడతాయి.

"అదేంటి దోన్యా బసీలియా, వేసి రాయలేదు?"

"ముందుదే మళ్ళీ పడింది ఇంజనీరుగారూ. ఒకటే పక్కపక్కన రెండుసార్లుంటే దొంగ ఇట్టే పట్టెయ్యడూ? ఈమాత్రం నాకూ తెలుసులెండి."

"ఎప్పట్నించి ఇలా?"

"మొదట్నించీ."

గ్రోవెర్ కుర్చీలో ముందుకు వంగాడు. "ఏం కొంప మునగలేదు. మిగతా ఇద్దరి కాగితాలు కాచాయి. కానీ మీరు ఏరి పారేసినప్పుడల్లా చెవి బలం తగ్గింది దోన్యా. పడింది పడినట్టు రాయాలి. ఒక్కో కాగితంలో ఒకటి రెండు చోట్లయినా మళ్ళీ అదే రావడం మామూలు. ఏ కాగితంలోనూ ఎక్కడా రాకపోతేనే ఎవరో చెయ్యి పెట్టారని అర్థం."

"వరసగా మూడుసార్లు పడితే?"

"పడుతుంది. మోసమే అయ్యుండక్కర్లేదు."

ఆమె గిన్నెను ఒళ్ళో పెట్టుకుంది. అది తండ్రిది. గనుల ఊరు ఒరూరోలో చిచా అనే మొక్కజొన్న కల్లు అమ్మే కొట్టులో, వరసగా మూడుసార్లు మూడేసి ఆరులు వేసినందుకు గని కూలీలు ఆయన కుడిచేతి వేళ్ళు విరగ్గొట్టారు. దొంగపాచికల ఎలియోదోరో అన్న పేరు మిగిలింది. "నేనేం చెయ్యలేదే తల్లీ, పడ్డాయంతే" అన్నాడు. నిప్పులేనిదే పొగ రాదంది తల్లి. పద్నాలుగేళ్ళ బసీలియా తల్లి మాటే నమ్మింది. తర్వాతెప్పుడో ఆయన ఈ గిన్నె పట్టుకుని లా పాజ్ వచ్చాడు. "మంచి తోలు, ఉంచుకో" అన్నాడు. ఆమె కూర్చోమనలేదు. ఆ చలికాలమే పోయాడు. గిన్నె పారేయడానికి మాత్రం ఆమెకు చేతులు రాలేదు. అదే గిన్నెతో ఇన్నేళ్ళూ, రెండోసారి పడినదాన్నల్లా తుడిచేస్తూ వచ్చింది.

"కొత్త కాగితం ఇవ్వండి. మొదట్నించి వేస్తాను" అంది.

పదిహేడో గడిలో నాలుగు. పద్దెనిమిదిలో నాలుగు. పంతొమ్మిదిలోనూ నాలుగే. చెయ్యి అలవాటుగా పాచికల మీదికి పోయింది. వెనక్కి తీసుకుని రాసింది. ఏడుపొచ్చింది. ఒక్కసారి అడిగి ఉండాల్సింది నాన్నని, ఒక్కసారి.

కాగితం కవరులో పెట్టి, లక్క వేసి, సంతకం చేసి ఇచ్చింది. తర్వాత ఎవరికోసమో మరో పందెం వేసి, గిన్నె ఎత్తకుండానే శాలువా కప్పుకుంది.

"చూడరా?"

"ఏది పడ్డా పడినట్టే కదా, మీరేగా చెప్పారు."

మెట్లమీద ఆమె అడుగుల చప్పుడు కాసేపు వినిపించి ఆగిపోయింది. బల్లమీద గిన్నె బోర్లించినట్టే ఉంది. తోలుమీద బొటనవేలు ఆనేచోట అరిగిన గుంట ఉంది, అది ఆమె వేలికంటే పెద్దది.