చప్పని కాయ

క్లాంగ్ రేవు పక్కనున్న గోడౌనులో ఆ రోజు కూడా అన్ని రోజుల్లాగే మొదలైంది. వాన్ దిగారు, పాలెక్కువైన టీని తిట్టుకుంటూ తాగారు, గుమ్మం ముందు నిలబడి నలుగురూ తలా ఒక తేజ మిరపకాయ కొరికారు.

గుంటూరు యార్డులో పనిచేసినవాళ్ళకి ఇది విడమరిచి చెప్పక్కర్లేదు. కాయ మండితే లోపలికి వెళ్ళొచ్చు. చప్పగా తగిలితే ఆ మనిషికి ఆ పూట బాగాలేదన్నమాట. మళ్ళీ నోరు మండేదాకా బయటే కూర్చోవాలి, జట్టులో పెద్దవాళ్ళు తోడుండాలి. యార్డులో మేస్త్రీ ఇంకో మాట అడక్కుండా సెలవు రాసేస్తాడు. ఏళ్ళ కిందట అక్కడ ఒక్క పేరయ్యే కాయ చప్పగా ఉన్నా నవ్వేసి లోపలికి వెళ్ళాడు. మధ్యాహ్నానికి బస్తాల వరస అతని మీద కూలింది.

వినుకొండ చుట్టుపక్కల రైతుల కాయలో రంగు పోయిన తాలు కాయ కలిసిందని ఇక్కడి కొనుగోలుదారు పేచీ పెడితే, బస్తా బస్తా విప్పి చూపించడానికి సముద్రం దాటి వచ్చిన జట్టు అది. చూపూ సంతకమూ పెద్దాయన మాలకొండయ్యవి, రాత ఉదయశ్రీది, మోత సైదా, శ్రీకృష్ణలది. పది రోజులు గడిచాయి. ఇవాళ్టితో గడువు ఆఖరు. చూడని బస్తా చూడనట్టే వెనక్కి పోతుంది.

సైదా దగ్గాడు. శ్రీకృష్ణకి ముక్కు కారింది. ఉదయశ్రీ నాలుక చాపి గాలి విసురుకుంది. మాలకొండయ్య మాత్రం కాస్త ఆలస్యంగా దగ్గి, కండువాతో కళ్ళు తుడుచుకున్నాడు. ఆ కళ్ళల్లో తడి లేదు. అది చూసింది ఉదయశ్రీ ఒక్కతే.

అప్పటినుంచి ఆమెకి పని మీద మనసు నిలవలేదు. కిటికీలు లేని ఆ గోడౌనులో బస్తాలు రెండు నిలువుల ఎత్తున ఉన్నాయి. పెద్దాయన వాటి కిందుగా నడిచినప్పుడల్లా ఆమె కలం ఆగిపోయేది. మధ్యాహ్నం అన్నంలోకి అమ్మ పెట్టిచ్చిన పండుమిరప పచ్చడి కావాలనే ఆయనకి నాలుగు చెంచాలు వేసింది. ఆయన పెరుగన్నం తిన్నంత హాయిగా తినేశాడు.

"బాబాయ్, పొద్దున నీ కాయ మండలేదు కదూ."

"మండింది. తిను." ఇటూ అటూ చూసి గొంతు తగ్గించాడు. "ఇవాళ నేను కూర్చుంటే ఎనభై బస్తాలు వెనక్కి పోతాయి. వాటిల్లో మీ నాన్నవీ ఉన్నాయి. నోరు మూసుకుని రాసుకో అమ్మాయ్."

నాన్న మాట ఎత్తాక ఆమె తల వంచుకుని లెక్కల పుస్తకం తెరిచింది. అందుకు తన మీద తనకే అసహ్యం వేసింది.

ఏమీ జరగలేదు. ఎనభై యాభై అయ్యాయి, యాభై పది అయ్యాయి. చివరికి గోడవారగా ఉన్న వరసలో పైబస్తా ఒక్కటి మిగిలింది. మాలకొండయ్య నిచ్చెన తెచ్చి వేసుకుని మొదటి మెట్టు మీద కాలు పెట్టాడు.

ఉదయశ్రీకి ఒక్కటే దారి తోచింది. కాకపోతే ఒక భయం. నిన్న సందెవేళ సైదా, ఈ బస్తాలు నన్ను చంపేస్తాయి అని ఊరికే అంటే, తథాస్తు దేవతలు తిరిగే వేళ అవేం మాటలని మాలకొండయ్య కేకలేశాడు. ఆమె గడియారం చూసుకుంది. నాలుగూ నలభై. సందెకింకా బోలెడు టైముంది. టేబులు మీది కాయ ఒకటి తీసి నోటిదగ్గర పెట్టుకుని, కొరికినట్టు నటించింది.

"బాబాయ్, నా కాయ చప్పగా ఉంది."

పెద్దాయన కాలు వెనక్కి తీశాడు. తనదైతే దాచుకున్నాడు గానీ, పిల్లది దాచగలడా? మిగిలిన ఇద్దరూ మోత ఆపి బయటికి నడిచారు. ఆయన ఆమె చెయ్యి పట్టుకుని బయటి బల్ల దగ్గరికి తీసుకొచ్చాడు.

బల్ల మీద కూర్చున్నారో లేదో లోపల పెద్ద చప్పుడైంది. ఎవరూ ఎక్కకుండానే నిచ్చెన జారి పడింది, దాని మీదికి పైబస్తా దొర్లింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు. సైదా ఆ బస్తాని బయటికే మోసుకొచ్చాడు. మాలకొండయ్య కాయ చూసి సంతకం పెట్టి, ఒకటి తీసి సగం కొరికాడు. కొరకగానే పొలమారింది. కళ్ళనిండా నీళ్ళు. ఉదయశ్రీకి ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి.

"అయితే నన్ను ఆపడానికి అబద్ధమాడావన్నమాట," అన్నాడు ఆయన దగ్గుతూనే. "బంగారుతల్లివే. ఏ వేళప్పుడు అన్నావో చూసుకున్నావా?"

"చూసుకునే అన్నాను బాబాయ్."

అప్పుడు తలెత్తింది. రేవు మీద ఆకాశం ఎర్రబారి ఉంది. క్రేన్లకి దీపాలు వెలిగాయి. అమ్మ ఏ వేళకి ఏం చేస్తుంటుందో తెలియాలని ఆమె గడియారాన్ని ఇంటి టైములోనే ఉంచుకుంది. ఇక్కడి టైముకి రెండున్నర గంటలు కలుపుకోవాలని శ్రీకృష్ణ రోజూ చెప్తూనే ఉన్నాడు.

మాలకొండయ్య చేతిలో మిగిలిన సగం కాయ ఆమెకి ఇచ్చాడు. కొరికింది. గింజలతో సహా నమిలింది. గడ్డిపోచ నమిలినట్టు ఉంది.

ఆయన ఆమె మొహంలోకే చూస్తున్నాడు.

ఉదయశ్రీ దగ్గింది. కాస్త ఆలస్యంగా దగ్గింది. ఆయన కండువా అడిగి తీసుకుని కళ్ళు తుడుచుకుంది.

శ్రీకృష్ణ వాన్ తలుపు తీసి, ఎక్కండెక్కండి, రోడ్డంతా కంటైనర్ లారీలే అన్నాడు.

"మండిందిగా, ఎక్కు అమ్మాయ్," అన్నాడు మాలకొండయ్య నిశ్చింతగా. "తలుపువైపు నువ్వు కూర్చో, గాలి తగులుతుంది."