మోట పాట గుడికొచ్చిన ఆదివారం

మోషే ఇంట్లో దేవుడి కీర్తన తప్ప ఇంకో పాట వినబడకూడదు. మొయినాబాద్ పక్కనున్న హిమాయత్‌నగర్ క్రైస్తవ సంఘానికి ఆయనే పెద్ద. లోకం పాటలన్నీ సైతాను పాటలేనని ఆయన నమ్మకం. పాపం, ఆ సైతాను రోజూ తన బావి దగ్గరే, తన ఎడ్లను తోలుతూ గొంతెత్తి పాడుతున్న సంగతి మాత్రం ఆయనకు తెలియదు.

తెలిసేదెట్లా? పొద్దంతా సంఘం పనుల మీద ఊళ్లు తిరిగే మనిషి. ఆ బావిలోంచి ఎడ్లతో నీళ్లు తోడే మోట తోలేది గిద్యోను. రెండో ప్రపంచయుద్ధం రోజులవి. ఆ ఏడు మొయినాబాద్ నుంచి చేవెళ్ల దాకా ఏ బావి దగ్గర విన్నా ఒకటే పాట. మోటవాడు సగం పాడితే, మడిలో నాటు వేసే ఆడవాళ్లలో ఒకరు మిగతా సగం అందుకోవాలి.

"పదారేండ్ల పిల్లదాన, పక్కకు సూడవేందే?" అనేవాడు గిద్యోను.

"పచ్చి నారు చేతిలున్నది, పనయినంక సూస్త!" అనేది పద్మమ్మ.

అప్పుడు గిద్యోను "ఓ..." అని రాగం తీస్తాడు. అది వినగానే ఎడ్లు లాగడం ఆపి వెనక్కి నడుస్తాయి, బొక్కెన మళ్లీ బావిలోకి దిగుతుంది.

పద్మమ్మ మోషేకు ఒక్కగానొక్క కూతురు. ఆమెకూ పదహారే. ఆ 'సూస్త' దగ్గర ఆమె గొంతు ఎందుకు వణుకుతుందో పక్కన నాటు వేసే మారెమ్మకు తెలుసు, మడిలో అందరికీ తెలుసు. చెప్పాల్సిన ఒక్క మనిషికే, తండ్రికే, ఆమె చెప్పలేకపోయింది.

ఆ ఆదివారం మోషే ఆ మోట ఎడ్లతోనే బండి కట్టించి ప్రార్థన గుడి గోడ పక్కన నిలబెట్టాడు. ఆరాధన కాగానే చేవెళ్ల వెళ్లి, బడిపంతులు దయానందానికి పిల్లనిస్తానని మాట ఇచ్చి రావాలి. ఆ మాట పడితే ఇక తిరుగులేదు. పద్మమ్మకు రాత్రంతా కంటిమీద కునుకు లేదు.

గుడిలో కీర్తన ఎత్తేది ఆమే. మనసు ఎక్కడో ఉంది, నోరు తెరిచింది. మాటలు దేవుడివే వచ్చాయి, రాగం మాత్రం బావి దగ్గరిది! తనకు అర్థమయ్యేలోపే చరణం అయిపోయింది. అంతే, మగవాళ్ల వైపు నుంచి గిద్యోను, అలవాటు ఊరుకోనివ్వక, "ఓ..." అని అందుకున్నాడు.

బయట ఎడ్లు బుద్ధిగా వెనక్కి నడిచాయి. బండి పోయి గుడి గోడకు దభీమని తగిలింది.

నాట్లు వేసే ఆడవాళ్లు కొంగులు నోట్లో కుక్కుకున్నారు. మోషే లేచి బయటికి పరుగెత్తాడు. గిద్యోను తల నేలకు దిగిపోయింది. పద్మమ్మకు ఒకటే తట్టింది. ఇప్పుడు కీర్తన అసలు రాగంలోకి వెళ్లిపోతే ఇదంతా ఒక పొరపాటుగా పోతుంది. పొరపాటుగా పోతే బండి చేవెళ్ల పోతుంది.

ఆమె రెండో చరణం కూడా మోట రాగంలోనే ఎత్తింది. ఈసారి గొంతు వణకలేదు. మారెమ్మ గొంతు కలిపింది, తర్వాత ఆడవాళ్లంతా.

ఆరాధన అయ్యాక ఆమె బయటికి వచ్చేసరికి మోషే ఎడ్ల మెడ నిమురుతూ నిలబడి ఉన్నాడు.

"ఎప్పటి సంది, బిడ్డా?"

"పోయిన నాట్ల సంది, బాపు."

"ఎడ్లకు సుత ఎరుకైన ముచ్చట... నాకెందుకు చెప్పలే?"

"నువ్వు పాటలినవు గద, బాపు."

మోషేకు కోపం వస్తుందని ఆమె ఎదురుచూసింది. వచ్చినట్టే వచ్చి, కళ్లలో నీరై ఆగింది. ఆయన గుమ్మం వైపు తిరిగి కేకేశాడు.

"గిద్యోనూ, ఇటు రా! ఎడ్లను ఇడువు. ఇయ్యాల చేవెళ్ల పోతలేను."