ఫుట్‌బాల్ లాభం ఎవరి డబ్బు?

మా యూనివర్సిటీలో ఆడపిల్లల ఈత జట్టుని ఎత్తేద్దామని బోర్డు మీటింగ్ పెట్టింది. ఒకప్పుడు ఆ జట్టులో ఈదినదాన్ని నేను. ఇప్పటి కోచ్ ట్వైలాకి ఈత నేర్పిందీ నేనే. ఎత్తేస్తుంటే ఇంట్లో కూర్చుని స్వెట్టర్ అల్లుకుంటానా? ముందు వరసలో కూర్చున్నాను.

క్రీడల డైరెక్టర్ బ్రెంట్ తెర మీద అంకెలు చూపించాడు. ఫుట్‌బాల్‌కి నలభై లక్షల డాలర్ల లాభం, ఈతకి తొమ్మిది లక్షల నష్టం.

"మనసు ఒప్పుకోకపోయినా లెక్క ఒప్పుకోవాలి కదండీ" అన్నాడు.

ట్వైలా తల దించుకుంది. వెనక దాని జట్టు పిల్లలు చావింట్లో కూర్చున్నట్టు కూర్చున్నారు. నాకు ఒళ్ళు మండిపోయింది.

"బ్రెంట్, ఏటా నేనిచ్చే విరాళం ఇందులో ఎక్కడుంది నాయనా?"

"ఫుట్‌బాల్‌లో, ఆర్డిత్ గారూ. విరాళం ఇస్తేనే కదా ఫుట్‌బాల్ స్టేడియంలో మీకు సీట్లు. అందుకని అది ఫుట్‌బాల్ ఆదాయం."

"మరి నాకు రాసిన ఉత్తరంలో 'మన క్రీడాకారులందరి కోసం' అని అడిగావే! ఈ పిల్లలేమన్నా చేపలా?"

హాల్లో నవ్వులు. బ్రెంట్ నవ్వలేదు.

"అందరి విరాళాలూ అలాగే రాశావా? అవి తీసేస్తే ఫుట్‌బాల్‌కి ఏం మిగులుతుంది?"

బ్రెంట్ కాగితాలు తిరగేశాడు. బోర్డు అధ్యక్షురాలు కళ్ళజోడు సవరించుకుని "చెప్పండి" అంది.

"ముప్పై లక్షల నష్టం" అన్నాడు, మైకుకి దూరంగా జరిగి.

"అయితే నా సీట్లు తీసేసుకో. నా డబ్బు ఈతకి రాయి."

అనేశాను గానీ, అందులో ఒకటి మా ఆయన లైల్ సీటు. ఆయన పోయాక కూడా ఆ సీటు ఖాళీగా ఉంచి, పక్కనే కూర్చుని ఆట చూస్తున్నాను.

బ్రెంట్ మొహం వెలిగింది. "మీ ఇష్టం. వాటికోసం జనం ఎదురుచూస్తున్నారు. వెర్నన్, నువ్వేగా ముందున్నది?"

ట్రాక్టర్ల షాపు వెర్నన్ లేచాడు. మంచి సీట్ల కోసం ఏళ్ళుగా కాచుకున్నవాడు.

"నేనే. డబ్బు కూడా కడతాను. కానీ నా డబ్బు కూడా ఈతకే రాయాలి. లేకపోతే నీ సీట్లూ వద్దు, నీ టోపీ వద్దు" అని నెత్తిమీది ఫుట్‌బాల్ టోపీ తీసి బల్ల మీద కొట్టాడు.

"నాదీ ఈతకే!" వెనకనుంచి ఎవరో అరిచారు. "నాది కుస్తీకి!" "మాది పరుగుకి రాయి!" బ్రెంట్ "అయ్యా, అమ్మా" అంటున్నాడు గానీ వినేవాళ్ళేరీ? టోపీలతో బల్ల నిండిపోయింది.

అధ్యక్షురాలు లేచింది. "నష్టమొచ్చే జట్టుని ఎత్తేయాలంటే, ముందు దేన్ని ఎత్తేద్దాం బ్రెంట్?"

హాలంతా గొల్లున నవ్వింది. ఈత జట్టు ఉండాలనీ, ఇకమీదట సీటు ఉన్నా లేకపోయినా దాత చెప్పిన ఆటకే విరాళం రాయాలనీ ఓటేశారు. ఒక్క చెయ్యి కూడా కాదనలేదు. నా సీట్లు నాకే మిగిలాయి, పాపం వెర్నన్ మళ్ళీ ఎదురుచూడాల్సిందే.

గెలిచాం! పిల్లలు బెంచీలెక్కి కేకలు పెడుతున్నారు. నేను చేతులు నొప్పెట్టేదాకా చప్పట్లు కొట్టాను. ట్వైలా కళ్ళు తుడుచుకుని, గొంతు సవరించుకుని వాళ్ళ వైపు తిరిగింది.

"సంబరం చాలు. రేపు పొద్దున ఐదింటికి నీళ్ళలో ఉండాలి. ఆలస్యమైతే చంపేస్తాను."