అరవని కోడలు

గొంతునొప్పి, జ్వరం తగ్గిన వారానికి హన్నమ్మకి మోకాళ్ళ కింద, ఎముక పొడుగునా ఎర్రటి గడ్డలు లేచాయి. రేగుపళ్ళంతేసి. చీర అంచు తగిలినా ప్రాణం పోయేది. చీర కిందికి దించి కట్టుకుని పది రోజులు దాచింది. పదకొండో రోజు పేడ ఎత్తుతుంటే అత్త పున్నమ్మ కంట పడనే పడ్డాయి.

"పెద్దరోగమే ఇది, కుష్టు! మీవోళ్ళు దాచిపెట్టి నా కొడుక్కి అంటగట్టారు గదే!"

కొడుకు ఏసోబు పటాలంలో ఉన్నాడు. యుద్ధం అయి వాడు తిరిగొచ్చేలోగా కోడల్ని గడప దాటించాలని పున్నమ్మ పంతం. ఆ మధ్యాహ్నమే మంత్రసాని పీరాంబీని పిలుచుకొచ్చింది.

"పెద్దరోగమైతే సూది దిగినా తెలవదక్కా," అంది పీరాంబీ. "కళ్ళు మూసుకోవే పిల్లా."

సూది గడ్డలో దిగింది. మంట నడినెత్తికెక్కింది. హన్నమ్మ పళ్ళు బిగించింది. కాపురానికొచ్చి మూడేళ్ళు. అత్త గంజి ఒలకబోసి చెయ్యి కాల్చినా, చేట విసిరి నుదురు చిట్లగొట్టినా అమ్మా అనలేదు. తన ఏడుపు వినాలని ఆవిడకెంత ఆశో, వినిపించకూడదని తనకంత పట్టుదల.

"చూశావా, చలనం లేదు!" పున్నమ్మ మొహం వెలిగిపోయింది. "మూట కట్టవే. ఇయ్యాలే మీ బొల్లాపల్లి నడు. నీ కంచం గూడా తీసకపో."

ఇన్నాళ్ళూ హన్నమ్మను ఈ ఇంట్లో నిలబెట్టిన మొండితనమే ఇప్పుడు బయటికి నెడుతోంది.

"ఉండక్కా, రెండో కాలు గూడా చూద్దాం," అంది పీరాంబీ.

ఈసారి హన్నమ్మ నోరు తెరిచింది. మూడేళ్ళ కేకలూ ఒక్కసారే వచ్చాయి. కొట్టంలో గేదె పలుపు తెంపుకుంది.

"చంపుతోందమ్మో మా అత్త! గంజి పోసింది, చేటతో కొట్టింది, ఇప్పుడు సూదులతో పొడిపిస్తోంది!"

వీధంతా దడి దగ్గర మూగింది. పీరాంబీ సూది తుడిచి కొంగున గుచ్చుకుంది.

"పెద్దరోగం లేదు, పాడూ లేదు. కాపడం పెట్టుకోవే. అక్కా, నీ కోడలికి నొప్పుంది. చానా ఉంది."

"ఇంత నోరుందా దీనికి!" పున్నమ్మ పళ్ళు నూరింది.

గడ్డలు కమిలిన దెబ్బల్లా పచ్చబడి మానడానికి నెల పట్టింది. ఆ నెలంతా పొయ్యి దగ్గరికి కట్టెలు తెస్తే చాలు, పున్నమ్మ చేతిలో కట్టె కోడలి కాళ్ళకే తగిలేది. తగిలిన ప్రతిసారీ హన్నమ్మ వీధి చివరిదాకా వినపడేట్టు అరిచేది. చివరికి పున్నమ్మ కట్టెలు గుమ్మంలోనే పడేసి పోవడం మొదలుపెట్టింది.