కదిరమ్మ ఊపిరి

చిలక గొంతు నాది. చిలక ముక్కు మాత్రం కదిరమ్మది. ఈ మాట ఎవరికి చెప్పినా నవ్వుతారు కాబట్టి మొదటినుంచీ చెప్తాను.

మా హిందూపురంలో సుధాకర్ సార్ అని ఒకాయన ఉన్నారు. ఒకప్పుడు పెళ్ళి వీడియోలు తీసేవారు. రెండేళ్ళ కిందట పిల్లల కోసం యూట్యూబ్‌లో ఒక బొమ్మల చానల్ పెట్టారు. అందులో మూడు పిట్టలు కలిసి పాటల బ్యాండు నడుపుతాయి. చిలక ముందు నిలబడి పాడుతుంది. గోరింక డప్పు కొడుతూ గొంతు కలుపుతుంది. పిచ్చుక వెనకాల వంత పాడుతుంది. బెంగళూరులో ఉండే ఫణి ఆ బొమ్మలు గీస్తాడు. గొంతుల కోసం సార్ మా ముగ్గురినీ వెతికి పట్టుకుని, పిట్టల బ్యాండు అని పేరు పెట్టి, ఒకే రకం కుచ్చుల గౌన్లు కుట్టించి స్టేజీ కూడా ఎక్కించారు.

గోరింక అనురాధ. పెనుకొండలో బడిపంతులమ్మ. ఎవరి జోలికీ పోదు. పిచ్చుక కదిరమ్మ. ధర్మవరంలో వాళ్ళ నాయన తిరుపాల్ మగ్గం నేస్తాడు, ఆమె పక్కన కూర్చుని కండెలకు దారం చుడుతుంది. పాట ఎవరి దగ్గరా నేర్చుకోలేదు. ఇక చిలకను నేను, సుచిత్రను. మా నాయనకు మార్కెట్టులో చింతపండు మండీ ఉంది. పదేళ్ళు సంగీతం నేర్చుకున్నాను. చిలక నాకు రాక ఇంకెవరికి వస్తుంది?

మొదటి పాట రికార్డింగు రోజుల్లోనే మా అవ్వ కంటి ఆపరేషన్ పడింది. అవ్వతో నేను పుట్టపర్తి ఆస్పత్రిలో పది రోజులున్నాను. ఫణి అంతవరకూ ఖాళీగా కూర్చోలేనన్నాడట. పాట వినబడితేనే గదా ముక్కు ఎప్పుడు తెరవాలో, ఎప్పుడు మూయాలో గీసేది. అందుకని సార్ నా చరణాలు కూడా కదిరమ్మతో ట్రాక్ పాడించి పంపారు. ట్రాక్ అంటే గుర్తు కోసం పాడి పెట్టేది. అసలు గొంతు వచ్చాక దాన్ని చెరిపేస్తారు.

నేను తిరిగొచ్చి మైకు ముందు నిలబడేసరికి తెర మీద చిలక పాడుతోంది. “చింతపండు సంతకొచ్చిన చిలకమ్మా” అనేది పల్లవి. “చిల” అన్నాక ముక్కు ఠక్కున ఆగింది. చిలక రొమ్ము ఉబ్బించి, గుడ్లు పెద్దవి చేసి, “హా” అని ఇంత గాలి మింగి, తర్వాత “కమ్మా” అంది.

“ఏంది సార్ ఇది? మాట నడిమధ్య ఊపిరి తీస్తారా ఎవరైనా?” అన్నాను.

“మళ్ళీ గీయల్లంటే మూడు వారాలు పడతాదమ్మా. కొంచెం సర్దుకో,” అన్నారు సార్.

సర్దుకున్నాను. పదేళ్ళు సంగీతం నేర్చిన నేను, కండెలు చుట్టే పిల్ల ఎక్కడ ఆగితే అక్కడ ఆగి, ఎక్కడ గాలి మింగితే అక్కడ మింగి పాడాను. సొమ్మొకడిది సోకొకడిది అంటారు. ఇక్కడ సొమ్మేదో సోకేదో నాకే తెలియలేదు.

పాట బయటికొచ్చింది. పిల్లలు నా గమకాలను పట్టించుకోలేదు. ఆ ఊపిరిని పట్టుకున్నారు. మండీకి వచ్చిన అమరాపురం రైతు ఫోన్‌లో మనవరాలి వీడియో చూపించాడు. అందులో ఆ పిల్ల రొమ్ము ఉబ్బించి “చిల... హా... కమ్మా” అంటోంది. మా నాయన పొంగిపోయి, “అది మా సుచిత్ర పాటేనప్పా” అన్నాడు. నాకు కారం తిన్నట్టయింది. ఆ ‘హా’ నాది కాదని ఎవరికీ తెలియదు. నాకు తెలుసు. అదే మంట.

కదిరమ్మకు ఆ సంగతి పట్టేదే కాదు. తను మంచిగా ఉండటం కూడా నాకు గిట్టేది కాదు. “అక్కా, నీ గొంతు వింటే నాకు సిగ్గయితాది” అనేది. ముందొచ్చిన చెవులకన్నా వెనకొచ్చిన కొమ్ములు వాడి అని మా అవ్వ ఊరికే అనలేదు. కొమ్ములు కోసేస్తే పీడ పోతుంది అనుకున్నాను. కోశాను కూడా.

పెనుకొండ మా ఇద్దరికీ మధ్యలో ఉందని అనురాధ వాళ్ళ మిద్దె మీద ప్రాక్టీసు పెట్టుకునేవాళ్ళం. నేను హిందూపురం నుంచి, కదిరమ్మ ధర్మవరం నుంచి రైల్లో వచ్చేవాళ్ళం. అనురాధ బడినుంచి వచ్చేదాకా ఇద్దరమే ఉండేవాళ్ళం. అక్కడ కూర్చోబెట్టి చెప్పాను.

“కదిరీ, ఒక మాట చెప్తా, బాధపడొద్దు. మాట మధ్య ఊపిరి తీసేది పెద్ద తప్పు. తెలిసినోళ్ళు నవ్వుతారు. మానుకో.”

ఆమె ముఖం చిన్నబోయింది. “అట్లనా అక్కా? నాకు తెలీకుండానే వచ్చేస్తాది. నువ్వు చెప్పినావు కాబట్టి సరిపోయె. నేర్పిస్తావా?”

నేర్పించాను. రెండు నెలలు, వారానికి మూడు రోజులు, సొంత చెల్లెలికైనా అంత శ్రద్ధగా నేర్పేదాన్ని కాదు. ఊపిరి బిగబట్టమన్నాను. ముక్కు మూసుకుని వాక్యం పూర్తి చెయ్యమన్నాను. కళ్ళు తిరిగి గోడ పట్టుకుంటే నీళ్ళిచ్చి మళ్ళీ పాడించాను. చివరికి ఆ ఊపిరి పోయింది. ఆ రోజు సంతోషంతో నేనే స్టేషన్లో ఆమెకు మిరపకాయ బజ్జీలు కొనిపెట్టాను.

సార్‌కు ఆ పద్ధతే అలవాటై, కొత్త పాటల ట్రాకులు కూడా కదిరమ్మే పాడింది, నున్నగా, గురువు మెచ్చేటట్టు. ఫణి ముక్కునూ నున్నగా గీశాడు. నేను హాయిగా పాడాను. నాలుగు పాటలు విడుదలయ్యాయి. నాలుగూ చూసే దిక్కు లేక పడిపోయాయి. “చిలకమ్మకు ఏమైంది?” అని తల్లులు కామెంట్లు పెట్టారు. “మా పాప ‘హా’ ఏదని ఏడుస్తోంది” అని ఒకావిడ రాసింది.

సార్ ఫణిని అడిగితే, వినపడిందే గీశానన్నాడు. కదిరమ్మను అడిగారు. “మొదటి పాటలో ఏదో చేసినావు గదమ్మా, అది చెయ్యి.” ఆమె ప్రయత్నించింది. ఆగాల్సిన చోట ఆగలేదు, అక్కర్లేని చోట దగ్గింది. నా వైపు బెదురుగా చూసింది. నేను నా ఫోన్ చూసుకున్నాను.

అప్పుడే ధర్మవరంలో ఒక పట్టుచీరల షాపువాళ్ళ పండగకు మమ్మల్ని పిలిచారు. కళ్యాణమండపం నిండా పిల్లలు. వెనక తెర మీద మొదటి పాట బొమ్మ, ముందు మేము. నేను “చిల” అని ఆగి, రొమ్ము ఉబ్బించి గాలి మింగాను. మండపం మొత్తం ఒక్కసారి “హా!” అంది. అంతమంది పిల్లలు కలిసి గాలి మింగితే ఆ చప్పుడు ఎలా ఉంటుందో చెప్పలేను. “కమ్మా” అన్నాను. చప్పట్లు నాకే కొట్టారు.

స్టేజీ దిగగానే సార్ పరుగున వచ్చారు. “ఉండాది సుచిత్రా, నీ కాడ ఆ ఊపిరి ఉండాది! ఇంక ట్రాకులు కూడా నువ్వే పాడు. ఎల్లుండే మొదలు పెడదాం.” తర్వాత గొంతు తగ్గించి అన్నారు: “ఆ పిల్ల పాట చెడిపోయె, పిచ్చుకకు ఎవరినో ఒకరిని చూస్తాంలే. కదిరమ్మకు నేను చెప్తా.”

ఆమె చెప్పించుకునేంత దూరంలో లేదు. రెండడుగుల్లో, గౌను కుచ్చులు పట్టుకుని నిలబడి అంతా వినింది. ఏడుస్తుందేమో అనుకున్నాను. ఏడవలేదు. నా దగ్గరికొచ్చింది.

“అక్కా, ఆ ఊపిరి యాడ తీయల్ల? నాకు నేర్పిస్తావా? ఈ పని పోతే నేను మళ్ళా కండెలకాడికే పోవల్ల.”

తన ఊపిరి తనకు నేర్పమని నన్నడుగుతోంది. కోరుకున్నదంతా చేతిలో ఉంది. గొంతు నాది, ముక్కూ నాదే, మండపం నాది. వద్దు, రాదులే అని ఒక్క మాట చాలు. ఆ మాట నోటిదాకా వచ్చింది కూడా. కానీ చెవుల్లో ఆ పిల్లల ‘హా’ ఇంకా ఉంది. అది నన్ను చూసి తీసిన ఊపిరి కాదని నాకు తెలుసు.

“మీ ఇల్లు యాడ?” అన్నాను.

సందులో మూడో ఇల్లు. తిరుపాల్ మగ్గం గుంటలో కాళ్ళు పెట్టి నేస్తున్నాడు. పడుగు దారాల మధ్య నాడె అటునుంచి ఇటు జారడం, దారాన్ని బిగిస్తూ దడ్‌మని దెబ్బ పడటం. కదిరమ్మ అలవాటుగా కండెల దగ్గర చతికిలబడింది.

“పాడు. నేను నేర్పిందేమీ తలుచుకోవద్దు,” అన్నాను.

“చింతపండు సంతకొచ్చిన చిల...” దడ్‌మని దెబ్బ పడింది. ఆ దెబ్బలో పాట ఎలాగూ వినబడదు. ఆమె ఆగి గుండెనిండా ఊపిరి తీసుకుంది. “...కమ్మా.” చిన్నప్పటినుంచీ ఆ మగ్గం పక్కన పాడి పాడి, దెబ్బకొక ఊపిరి దాచుకుంది. అందులో తప్పేమీ లేదు. నేను మండపంలో తీసింది దానికి నకలు. ఎంత బాగుందో! ఎంత మండిందో నాకు!

ఫోన్‌లో రికార్డు చేసి సుధాకర్ సార్‌కి పంపాను. రాయబుద్ధి కాక ఏమీ రాయలేదు. నిమిషంలో జవాబొచ్చింది: “అదరగొట్టినావు సుచిత్రా! వెనక ఆ దడదడ ఏంది? ఏమైతేనేం, ఇదే కావల్ల. ఎల్లుండి వచ్చెయ్.”

మగ్గం రొదలో గొంతు ఎవరిదో ఆయనకు తెలియలేదు. తెలియకపోతే పోనీ అనిపించింది, అబద్ధమెందుకు.

“సారు ఏమన్నాడక్కా?”

“ఎల్లుండి రమ్మన్నాడు.”

“ఎవర్ని?”

ఫోన్ ఆమెకు కనబడకుండా బోర్లించాను. “నిన్నే,” అన్నాను. “ఆ ఊపిరి తప్పు కాదు కదిరీ. నీకున్నది నాకు లేదని, ఓర్వలేక మాన్పించినా.”

మగ్గం ఆగింది. తిరుపాల్ తలెత్తి నన్ను చూశాడు. కదిరమ్మ మాత్రం చేతిలో కండెను చూసుకుంటూ కూర్చుంది.

“రెండు నెలలు ఊపిరి బిగబట్టినా అక్కా. కండ్లు తిరిగి పడితే నువ్వే నీళ్ళిచ్చినావు.”

ఫోన్‌లో సార్‌కి “అది నేను కాదు, కదిరమ్మ” అని కొట్టి, ఆమె చూసేలా పంపాను.

ఆమె చదివింది. లేచి గౌను దులుపుకుంది.

“ట్రాక్ ఒక్కటే పాడను,” అంది. “ఎల్లుండి సారును అడుగుతా. చిలక గొంతు కూడా నాకే ఇమ్మని.”

ఆ పిల్ల నన్ను అలా చూడటం అదే మొదటిసారి. ఆ చూపు నాకు కొత్త కాదు. ఏడాదిగా అద్దంలో చూస్తున్నదే.

“అడుగు,” అన్నాను. “నేనూ ఊరికే ఇవ్వను.”