మౌలానా తాగిన నీళ్ళు

మా ఊరి మసీదులో ఏళ్ళ తరబడి నమాజు చదివించిన మౌలానా ఇజ్జతుల్లా గారిని ఒక బుధవారం తెల్లవారాక, ప్రార్థన ముగించుకుని వస్తుండగా, ఆయన ఇంటి గుమ్మం ముందే కాల్చారు. మోటారు సైకిలు మీద వచ్చిన ఇద్దరూ ముఖాలకు గుడ్డలు చుట్టుకున్నారు. వాళ్ళెవరో ఊరందరికీ తెలుసు. ఎవరూ పేరు ఎత్తలేదు.

కారణమూ అందరికీ తెలుసు. పొలం గట్టు తగాదాలో రహ్మత్ గుల్ తమ్ముడు అవతలి ఇంటి కుర్రవాణ్ణి చంపాడు. పెద్దలు పఠాన్ల పంచాయితీ అయిన జిర్గా కూర్చుని, ఆ చావుకు పరిహారంగా రహ్మత్ గుల్ కూతురు మర్జానాను చనిపోయినవాడి అన్నకిచ్చి నిఖా చేయాలని తీర్పు చెప్పారు. మర్జానా మూడో తరగతి చదువుతోంది.

"ప్రాణానికి బదులు పసిపిల్లను కట్టమని ఏ కితాబులో ఉంది? ఈ నిఖా నేను చదవను. నేనుండగా ఇంకొకరిని చదవనివ్వను" అని మౌలానా జిర్గాలోనే లేచి చెప్పారు. నిఖా శుక్రవారానికి నిశ్చయమై ఉంది. ఆయన పోయింది బుధవారం.

పొద్దెక్కేసరికి మగవాళ్ళందరూ ఊరి పెద్ద మలిక్ తోర్బాజ్ ఖాన్ హుజ్రాలో, మగవాళ్ళు చేరే ఆ చావడిలో, మంచాల మీద కూర్చున్నారు. మర్జానా గురించి మాట్లాడుకోవడానికి చేరారని పాఠకులు అనుకుంటే పొరపాటు. మౌలానా షహీద్, అంటే అమరుడు, అవుతారా కారా అన్నది వారి చర్చ. అన్యాయంగా చంపబడి, అక్కడికక్కడే ప్రాణం విడిచినవాడిని స్నానం చేయించకుండా, నెత్తుటి బట్టలతోనే ఖననం చేస్తారు. అది షహీద్‌కు దక్కే గౌరవం. గాయపడ్డాక గుక్కెడు నీళ్ళు తాగినా, ఏదైనా చివరి మాట అప్పగించినా, అందరిలాగే స్నానం చేయించి కఫన్ గుడ్డ చుట్టాలి.

"షహీదే. ఇందులో మాటేముంది?" అన్నాడు మలిక్. "రోడ్డు పక్కనే గోరీ కడదాం. జెండా పెడదాం. పై ఊళ్ళవాళ్ళు కూడా వచ్చి చూసిపోవాలి."

"నీళ్ళు తాగారంటున్నారు కదా కాకా" అన్నాడు కిరాణా కొట్టు నస్రో.

"నువ్వు చూశావా? కళ్ళ ముందున్న తక్కెడే నీకు సరిగ్గా కనపడదు. వాళ్ళింటి గుమ్మంలో గ్లాసు కనపడిందా?"

నవ్వబోయినవాళ్ళు సందర్భం గుర్తొచ్చి ఆగారు. మర్జానా వెళ్ళవలసిన ఇంటి పెద్ద కూడా అక్కడే ఉన్నాడు. టీ గిన్నె కింద పెట్టి, "షహీదే. పెద్దమనిషి. మాకేం అభ్యంతరం లేదు" అన్నాడు. ఆ మాటకు ఎవరూ తలెత్తి అతని ముఖం చూడలేదు.

చివరికి మౌలానా తమ్ముడు బఖ్త్ రవాన్‌ను ఇంటికి పంపారు.

మౌలానా భార్య శందానా బీబీ శవం తల దగ్గర కూర్చుని ఉంది. ఆమె చేతుల నిండా నెత్తురు ఆరిపోయి ఉంది.

"వదినా, అన్న నీళ్ళు తాగలేదని ఒక్క మాట చెప్పు. చాలు. షహీద్ దర్జా దక్కుతుంది."

"తాగారు బఖ్త్. నేనే పట్టాను. సగం గ్లాసు."

"తాగలేదనుకో."

"అట్లా అనుకుంటే, తాగిన తర్వాత చెప్పింది కూడా చెప్పలేదనుకోవాలి కదా?" ఆమె గొంతు పెంచలేదు. "'మర్జానాను పంపనివ్వకండి. ఇది నా మాటగా జిర్గాలో చెప్పండి' అన్నారు. అంతే, ఇంక మాట రాలేదు. నీళ్ళు దాచిపెడితే ఈ మాట ఎక్కడ పెట్టమంటావు?"

బఖ్త్ గోడకు చేరగిలబడ్డాడు. "రేపు ఆ మోటారు సైకిలు మళ్ళీ మన వాకిట్లోకే వస్తే? పిల్లలున్నారు వదినా."

"నాకు మాత్రం భయం లేదనుకున్నావా? అయినా అబద్ధం చెప్పి ఆయన్ను మట్టిలో పెట్టలేను."

బఖ్త్ పిరికివాడని తీర్పు చెప్పడం తేలిక. ఒక్క పూటలో అన్నను పోగొట్టుకుని, ఆయన కుటుంబాన్ని తలకెత్తుకున్న మనిషి అతను. లేచి వెళ్ళి, మౌలానాతో చదువుకున్న వృద్ధుడు, ధర్మశాస్త్రంలో తీర్పు చెప్పే ముఫ్తీ రహీమ్ దాద్‌ను పిలుచుకొచ్చాడు. ముఫ్తీ తలుపు ఇవతల నిలబడి, "చెప్పమ్మా" అన్నాడు. లోపలి నుంచి ఆమె అంతా చెప్పింది.

ముఫ్తీ హుజ్రాకు వెళ్ళి కూర్చోకుండానే మాట్లాడాడు.

"నీళ్ళు కాచమని చెప్పి వచ్చాను. స్నానం చేయిస్తాం. దానివల్ల ఆయన దర్జా ఏమీ తగ్గదు. ఆయన షహీదా కాదా అన్నది పైవాడి లెక్క, మీరు తేల్చక్కర్లేదు. కానీ ఆయన నీళ్ళు తాగాడు, తాగి మర్జానాను పంపనివ్వొద్దని చెప్పాడు. మీ అందరికీ ఆయన షహీదుగా కావాలి, ఆ మాట మాత్రం అక్కర్లేదు. మాట పాతిపెట్టి గోరీ మీద జెండా కడితే ఏం గౌరవం? ఏ పిల్ల కోసం ప్రాణం పోయిందో ఆ పిల్లను పంపకుండా ఆపండి. ఆయనకు చేయగలిగింది అదొక్కటే."

మలిక్ తలపాగా సర్దుకున్నాడు. "ముఫ్తీ సాబ్, చావింట ఈ సంగతులెందుకు? తర్వాత కూర్చుని మాట్లాడుకుందాం."

బఖ్త్, ముఫ్తీ కలిసి మౌలానాకు స్నానం చేయించారు. జనాజా నమాజుకు వచ్చినవాళ్ళతో పొలాలు నిండిపోయాయి. ఆ శుక్రవారం నిఖా జరగలేదు. ఊరు దుఃఖంలో ఉందని పెద్దలు వాయిదా వేశారు.

మర్జానా ఇప్పటికీ బడికి వస్తోంది. ఎక్కాలు వల్లిస్తోంది. తనను ఎందుకు ఇస్తున్నారో ఆమెకు సగమే తెలుసు. మౌలానాను గొప్పవాడనే మనుషులు మా ఊళ్ళో ఇంటికొకరున్నారు. అయితే జిర్గా తీర్పు ఇంకా రద్దు కాలేదు. ఆ ఇంటికి వెళ్ళి, "ఈ పిల్లను ఇవ్వం" అని ఇంతవరకు ఎవరూ చెప్పలేదు.