మచ్చ కోసం వదిలిన కాగితం

అరికాలి మంట నెత్తికెక్కడం అంటే ఏమిటో లాండ్రీ అక్కకి ఆ వారం బాగా తెలిసొచ్చింది. వీధిలో అందరూ ఆమెని అలాగే పిలుస్తారు. అమ్మ పెట్టిన లాండ్రీ షాపుని అమ్మ పోయాక కూడా తనే నడుపుతోంది. యాభై ఒకటో ఏట, ఎవరేమనుకుంటే నాకేం అని, నీటిరంగులతో బొమ్మలు వేయడం నేర్చుకోవడం మొదలుపెట్టింది. ఏడాదైనా తిరక్కుండానే మొదటి ఆర్డరు ఇంట్లోంచే వచ్చింది. ఇచ్చింది సొంత తమ్ముడు. కొత్తగా తెరవబోయే తన ఫర్నిచర్ షాపులో, గుమ్మానికి ఎదురుగా, అమ్మ బొమ్మ పెట్టాలట.

"అక్కవని అడగట్లేదు, ఆర్టిస్టువని అడుగుతున్నా" అన్నాడు. ఆ ఒక్క మాటకే పొంగిపోయింది పిచ్చిమొహం.

అమ్మకి ఉన్నది ఒకే ఒక్క ఫొటో, అదీ మసక మసకగా. తమ్ముడి పిల్లలు నానమ్మని చూడనే లేదు. రేపు వాళ్లకి నానమ్మ మొహమంటే ఈ బొమ్మే. అందుకే లాండ్రీ అక్క దీన్ని ఆషామాషీగా తీసుకోలేదు. షాపు నడిచే రోజుల్లో ఆవిరికి రంగు ఆరి చావదు కాబట్టి, సెలవు రోజుల్లో తలుపులేసుకుని ఇస్త్రీ బల్ల మీదే వేసింది.

చిక్కంతా మచ్చ దగ్గర వచ్చింది. అమ్మకి ఎడమ దవడ మీద, ఇస్త్రీపెట్టె మొన ఎంతుంటుందో అంత, పాలిపోయిన కాలిన మచ్చ ఉండేది. మొదటిసారి బుగ్గంతా రంగు వేసేసి, ఆ తర్వాత పైన తెల్లరంగు పెట్టింది. గోడకి సున్నం కొట్టినట్టు తయారైంది. బొమ్మలు నేర్పే మాస్టారు చూసి తల పట్టుకున్నాడు. నీటిరంగుల్లో తెలుపంటే కాగితమేనని, తెల్లగా ఉండాల్సిన చోటుని మొదటినుంచీ కాపాడుకోవాలని, ఒకసారి రంగు తగిలితే ఎన్నిసార్లు కడిగినా ఆ తెలుపు మళ్లీ రాదని చెప్పాడు. నాలుగు కాగితాలు చెత్తబుట్ట పాలయ్యాయి. ఐదోదానిలో మచ్చ చుట్టూ ఊపిరి బిగబట్టి రంగు నడిపించింది. ఒక్క చుక్క లోపలికి పోలేదు. ఆరాక కాగితం అప్పడంలా వంకర తిరిగితే, వెనక వైపు గుడ్డ పరిచి, గోరువెచ్చటి ఇస్త్రీపెట్టెతో చదును చేసింది. మాస్టారికి రాని విద్య అదొక్కటే.

తిప్పి చూస్తే అమ్మ ఉంది. లాండ్రీ అక్క బల్ల పక్కన కూలబడి ఏడ్చింది.

ఈలోపు తమ్ముడి ఫోన్లు. అమ్మ ఒంటి రంగు కాస్త తేల్చమన్నాడు. ముడతలు తగ్గించమన్నాడు. మెడలో ఒక గొలుసు వేస్తే నిండుగా ఉంటుందన్నాడు. జన్మలో అమ్మ మెడలో గొలుసు చూశాడా వీడు? పళ్లు నూరుకుంటూనే అన్నిటికీ చూద్దాంలే అంది, ఒక్కటీ చేయలేదు.

సెలవు రోజు పొద్దున్నే తమ్ముడు వచ్చాడు. బొమ్మని కాసేపు చూసి, బావుందక్కా అన్నాడు. ఆమె ఇంకా ఆ మాట చప్పరిస్తూనే ఉంది, అతని వేలు దవడ దగ్గరికి వచ్చింది.

"ఇది తీసెయ్. ఇంత రంగు పూస్తే పోతుంది కదా?"

తీయనంది. అమ్మ ఏనాడూ దాన్ని దాచుకోలేదు, కొంగు కప్పుకోలేదు, కందకి లేని దురద కత్తిపీటకెందుకురా అంది. పెద్దపెద్దవాళ్లు వచ్చే చోటని అతను నచ్చజెప్పబోయాడు. ఏమైందని ఎవరైనా అడిగితే ఏం చెప్పుకోవాలన్నాడు. బ్రష్షు తీసి ఆమె చేతిలో పెట్టాడు కూడా. అక్కడితో ఆగినా బావుండేది.

"అమ్మకి మొదట్నుంచీ పరధ్యానమే కదక్కా. కస్టమరుతో కబుర్లాడుతూ మొహం కాల్చుకుంది. ఆ అజాగ్రత్తని గోడకి తగిలించుకోవాలా?"

లాండ్రీ అక్కకి కోపం నషాళానికంటింది. ఇరవై నాలుగ్గంటలూ కాలే ఇనుము పక్కన బతికి, ఒక్క చొక్కా కూడా మాడ్చని మనిషి అమ్మ. అజాగ్రత్తట! బ్రష్షుని నీళ్లగిన్నెలోకి విసిరికొట్టింది.

"ఇస్త్రీపెట్టె వైరు లాగింది నువ్వురా. మూడేళ్లు నీకప్పుడు. పెట్టె నీ నెత్తి మీద పడుతుంటే అమ్మ నీ మీద బోర్లా పడింది. ఈ బల్ల కిందే. నేను చూశాను."

ఆమె ఇంకా ఊగిపోతూనే ఉంది, సిగ్గులేనివాడా అనబోయింది కూడా. కానీ అతని మొహంలో రంగు లేదు.

అప్పుడు గుర్తొచ్చింది ఆమెకి. కట్టు కట్టిన దవడతో అమ్మ తనని పక్కన కూర్చోబెట్టుకుని, వాడికి ఎప్పటికీ చెప్పొద్దు, చిన్నవాడు, మోయలేడు అని ఒట్టు వేయించుకుంది. ఎనిమిదేళ్ల పిల్ల అప్పుడు తను. ఆ తర్వాత అమ్మ అడిగినవాళ్లందరికీ నా పరధ్యానమేనండీ అని నవ్వుతూ చెప్పుకుంది. నలభై మూడేళ్లు ఆ ఒక్క చోటికి చుక్క తగలకుండా కాచారు ఇద్దరూ. కాలు జారితే తీసుకోవచ్చు గానీ నోరు జారితే తీసుకోలేమని అమ్మే అనేది. తన నోరు కాలిపోనూ అనుకుంది లాండ్రీ అక్క. బొమ్మలో మచ్చని కాపాడుకుంది, అమ్మ మాటని కాపాడలేకపోయింది.

తమ్ముడు వంగి బల్ల కిందకి చూశాడు. చాలాసేపటికి లేచాడు. రెండు చేతులూ బల్ల మీద పెట్టి వాటినే చూస్తూ అడిగాడు.

"ఏ చేత్తో లాగానక్కా?"

ఆమెకి తెలుసు. గళ్ల చొక్కా, మడిచిన చెయ్యి, బొటనవేలికి చుట్టుకున్న నల్ల వైరుతో సహా అన్నీ గుర్తే.

"గుర్తులేదురా" అంది.

అతను బొమ్మని తీసుకోలేదు, వద్దనీ అనలేదు. అక్కడే నిలబడి రెండు చేతుల్నీ చూసుకుంటున్నాడు.